ములక్కాడ ఎముకలు

నల్లరాతి కొండ నెత్తిన దంష్ట్రాదుర్గం పొద్దుటి ఎండలో కూడా చీకటిగానే నిలబడి ఉంది. సింహద్వారానికి రెండు వైపులా ఏనుగు దంతాలను వంచి తోరణం కట్టారు. బురుజు బురుజుకూ ఎండిన తోళ్ళే పతాకాలు. కందకంలో నీళ్ళకన్న ముళ్ళ కంపలే ఎక్కువ. ఒకప్పుడు అది మనుషుల కోట, మహారాజులు ఏలిన కోట. చంద్రకాంత శిలల మంటపాలు, పన్నీటి కొలనులు, పగడాల మెట్లు, చిలకలు వాలే పూలతోటలు అన్నీ ఉండేవి. ఇప్పుడా పన్నీటి కొలనులో గేదెల పుర్రెలు తేలుతున్నాయి. పగడాల మెట్ల మీద రాక్షసులు కూర్చొని గోళ్ళు నూరుకుంటున్నారు.

అంత పెద్ద కోటలో ఆ పూట అందరికన్నా ఎక్కువగా వణుకుతున్నవాడు వంటవాడు బొండయ్య.

బొండయ్య అన్నది పెట్టుకున్న పేరు. మొహాన పూసుకున్న మసి, మాసిన పంచె, బొజ్జలా కనబడేందుకు నడుముకు చుట్టుకున్న గుడ్డల మూట తీసేస్తే లోపల ఉన్నది మణిసింధు రాజ్యపు యువరాజు శరభాంకుడు. కత్తి పడితే ఎదురులేని వీరుడే. కానీ ఇక్కడ కత్తి తీసి లాభం లేదు. ఒక్కొక్క రాక్షసుడూ తాటిచెట్టంత ఉన్నాడు, అలాంటివాళ్ళు కోట నిండా ఉన్నారు.

ఆ కోటను ఏలేవాడు ఉగ్రదత్తుడనే మాంత్రికుడు. అతడు మనిషే. రాక్షసులు తన కోసం యుద్ధాలు చెయ్యాలని, తాను వాళ్ళకు రోజూ మాంసం పెట్టాలని వాళ్ళతో ఒడంబడిక చేసుకున్నాడు. చుట్టుపక్కల మందలన్నీ హరించుకుపోయాక, మంత్రించిన బూడిద చల్లి మనుషులను మేకలుగా మార్చి దొడ్డికి తోలించడం మొదలుపెట్టాడు. శరభాంకుడి అక్క మృణాళిని పల్లకీలో నదీతీరం వెంట వస్తూ, పరివారంతో సహా ఆ బూడిద వాత పడింది. పడవవాళ్ళు చెప్పగా విని శరభాంకుడు గుర్రమెక్కాడు. దుర్గంలో వంటవాడి కొలువు ఖాళీగా ఉందని దారిలో తెలిసి వేషం మార్చుకొని చేరిపోయాడు. ఎందుకు ఖాళీ అయిందో మాత్రం చేరాకనే తెలిసింది. పాత వంటవాడు అలవాటు కొద్దీ కూర మీద కొత్తిమీర చల్లాడట. ఆకు గానీ, కాయ గానీ, దుంప గానీ, మొక్కకు పుట్టింది ఏదైనా రాక్షసులకు పరమ అసహ్యం. దానికంతటికీ వాళ్ళు పెట్టిన పేరు గడ్డి. నూరిన మసాలా, పిసికిన పులుసు మాత్రం కంటికి కనబడవు గనుక ఆ లెక్కలోకి రావు. గడ్డి పెట్టిన వంటవాణ్ణి గంగాళంలో వేస్తామని ముందే చెప్పారు. వేశారు.

శరభాంకుడు వచ్చేసరికి దొడ్డిలో ఒకే ఒక్క మేక మిగిలి ఉంది. తెల్లటి మేక, ఎడమ కంటి కింద నల్లటి మచ్చ. అక్కకు పుట్టుమచ్చ ఉన్నది సరిగ్గా అక్కడే. బొండయ్య వేషంలో ఉన్నా అది తమ్ముణ్ణి ఇట్టే పోల్చుకుంది. పరుగున వచ్చి అతని అరచేతిలో మొహం పెట్టి కన్నీళ్ళు కార్చింది. మేకలు అలా ఏడవవు. శరభాంకుడు పంచె చెంగుతో ఆ కన్నీళ్ళు తుడిచాడు.

ఆ దుఃఖం కూడా పూర్తిగా అనుభవించనివ్వకుండా వంటశాల గుమ్మంలో నీడ పడింది. రాక్షసుల దళపతి గుహముఖుడు తల వంచి లోపలికి చూశాడు. వాడు నోరు తెరిస్తే నిజంగానే కొండగుహ తెరిచినట్టుండేది.

"ఒరేయ్ వంటోడా! ఎండ నడినెత్తికొచ్చే సరికి నాయకులందరికీ విందు. దొడ్లో ఉన్న ఆ ఒక్క మేకనీ కోసి వండు. మా అమ్మకి పళ్ళు ఊడిపోయినియ్, మెత్తగా ఉడకాల. గట్టిగా తగిలిందంటే నిన్ను ఉడకేస్తా."

"చిత్తం దొరా," అన్నాడు శరభాంకుడు. గొంతు పీలగా వచ్చింది. అందుకు నటించనక్కర్లేకపోయింది.

గుహముఖుడు వెళ్ళిపోయాడు. శరభాంకుడు మేకను లోపలికి తెచ్చి తలుపు చేరవేశాడు. ఎటు పారిపోవాలి? సింహద్వారం దగ్గర కాపలా. కందకంలో ముళ్ళు. పెరటి కిటికీ తీసి చూశాడు. అక్కడ పాత రాజుల తోట అడవిలా పెరిగిపోయి ఉంది. పచ్చదనం చూస్తేనే రాక్షసులకు డోకు గనుక ఆ వైపు ఎవడూ అడుగు పెట్టడు. పనసచెట్టు మొదలంటా లేత కాయలు వేలాడుతున్నాయి. గోడ వారన మునగచెట్టు కొమ్మలు విరిగేటంత కాసింది. కింద కంద మొక్కలు గొడుగుల్లా విచ్చుకున్నాయి. బచ్చలి తీగ నల్లటి పళ్ళతో మోటబావి గిలక దాకా అల్లుకుపోయింది.

తోటకు అవతల ఎత్తైన గోడ, దాని మీద కాపలావాళ్ళ శూలాలు. పారిపోవడానికి దారి లేదు. కానీ శరభాంకుడు కిటికీ మూయలేదు.

అతనికి వంట రాదు. వంట సంగతుల్లో అతనికి తెలిసిందల్లా ఒక్కటే. కూరగాయలు ముట్టని మొండిఘటం చేత కూరగాయలు ఎలా తినిపించాలో అతనికి క్షుణ్ణంగా తెలుసు. ఎందుకంటే ఆ మొండిఘటం తానే.

చిన్నప్పుడు కంద చూస్తే మంచం కింద దూరేవాడు. పనసపొట్టు పెడితే ఉమ్మేసేవాడు. అతని కంచంలో కూరను అక్క ఎన్నోసార్లు చాటుగా తినేసి తల్లి చేత తిట్లు తప్పించింది. చివరికి దాది అక్కాంబ పంతం పట్టింది. పనసకాయ ముక్కలను మసాలాలో మగ్గించి జింకమాంసమని పెట్టింది. కంద వేయించి కొర్రమీను అంది. ములక్కాడలు నెమలి ఎముకలంది. యువరాజు లొట్టలు వేసుకుంటూ తిన్నాడు. నిజం బయటపడ్డ రోజున ఇల్లెగిరిపోయేటట్టు ఏడ్చాడు గానీ, అక్కాంబ నవ్వుతూ అంది: "పిల్లాడు కూర తినడమ్మా, పేరు తింటాడు."

'రాక్షసులు మాత్రం? వీళ్ళూ పేరే తింటారు,' అనుకున్నాడు శరభాంకుడు. కొరివితో తల గోక్కోవడమే ఇది. అయినా గోక్కోక తప్పని దురద.

మేకను పెద్ద వెదురుగంప కింద బోర్లించి దాచి, గంప మీద గోనెపట్టా కప్పాడు. కిటికీలోంచి తోటలోకి దూకాడు. పనసకాయలు కోశాడు, కంద తవ్వాడు, ములక్కాడలు కట్టలు కట్టాడు, బచ్చలిపళ్ళు పంచె కొంగులో పోసుకున్నాడు. ప్రతి ఆకు చప్పుడుకూ చెట్టు మాటున దాక్కొని గోడ మీది శూలాల వైపు చూశాడు. తిరిగి వచ్చేసరికి ఎండ గడప దాటి లోపలికి వచ్చేసింది. అతడు కత్తిపీట మీద కూర్చున్నాడు.

పనసకాయ తొక్క తీస్తుంటే తెల్లటి జిగురు వేళ్ళకు పట్టేసింది. చేతులకు ముందు నూనె రాసుకోవాలని అక్కాంబ ఎప్పుడూ అనేది. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం? వేళ్ళు ఒకదానికొకటి అంటుకుపోతుంటే, ఎలాగో పెద్ద పెద్ద ముక్కలు కోశాడు. కోసినవి చూస్తే నిజంగానే మాంసపు ముక్కల్లా పీచు తేలి ఉన్నాయి. కాస్త ప్రాణం లేచివచ్చింది. కంద ముక్కలు మొదలుపెట్టాడు. సగంలో చేతులు మండడం మొదలైంది. మోచేతుల దాకా పాకింది. గోక్కున్నకొద్దీ ఎర్రగా తేలింది.

అప్పుడు తట్టింది అతనికి, చేతులే ఇలా దురద పెడుతుంటే నాలుకల సంగతేమిటి? రాక్షసుల నాలుకలన్నీ ఒక్కసారి దురద పెడితే ఇక మాంసం ఏమిటి, మేక ఏమిటి! ఏరుకోవడానికి తన ఎముకలు కూడా మిగలవు. అక్కాంబ ఏం చేసేది? కళ్ళు మూసుకొని చిన్నప్పటి వంటింటి వాసన గుర్తు తెచ్చుకున్నాడు. పులుపు. అవును, చింతపండు! గబగబా చింతపండు పిసికి, చిక్కటి రసంలో కంద ముక్కలను పడేసి గాడిపొయ్యి మీద ఉడకపెట్టాడు. మిగిలిన రసంలో చేతులు ముంచుకొని కూర్చున్నాడు. దురద మెల్లమెల్లగా దిగింది.

బచ్చలిపళ్ళు కొంచెం చింతపులుసుతో నలిపితే ముంత నిండా చిక్కటి ఎరుపు. సరిగ్గా అప్పుడే బయట కాళ్ళీడ్చే చప్పుడు.

గుహముఖుడి తల్లి లంబోష్ఠి వచ్చింది. వయసు ఎంతో దానికే తెలియదు. కళ్ళు మసకలు. కింది పెదవి గడ్డం దాటి వేలాడుతోంది. కానీ ముక్కు మాత్రం చురుకు, చెవులు అంతకన్నా చురుకు. శరభాంకుడు ఒక్క అంగలో కాయలన్నిటి మీదా చాప లాగి కప్పేశాడు.

"ఏరా, మేకని కోసినావా?"

"ఇప్పుడే అవ్వా."

"నెత్తురేదీ?"

ముంత అందించాడు. ముసలిది వేలు ముంచి చప్పరించింది. శరభాంకుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"పుల్లగా ఉందేందిరా?"

"భయపడ్డ మేక అవ్వా. భయానికి నెత్తురు పులుస్తుంది."

"అవునవును," అంది లంబోష్ఠి సంతోషంగా. "మా కాలంలో అన్నీ పుల్లగానే ఉండేయి. ఇప్పటి మేకలకి భయం భక్తీ ఏడిసినాయా!"

అది వెనక్కి తిరగబోయింది. గోనెపట్టా కింద నుంచి కరకరమని చప్పుడు. గంప కింద మేకకు ఆకలి వేసి, గంప అంచు కిందికి జారిన పనసతొక్కను కొరకడం మొదలుపెట్టింది. రాజకుమార్తె అయితే ఏం, ప్రస్తుతానికి కడుపు మేకదే కదా.

ముసలిదాని చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఏందిరా ఆ నమిలే చప్పుడు?"

శరభాంకుడు ఆలోచించలేదు. చేతికందిన పచ్చి పనసతొక్కను నోట్లో కుక్కుకొని కరకరా నమిలాడు. జిగురు పళ్ళకు పట్టింది, చేదు గొంతుకు పట్టింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. "నేనే అవ్వా. రుచి చూస్తున్నా. ఎముక."

"దొంగతిండి తింటన్నావా? మా గుహముఖుడికి చెప్తానుండు!" అని నవ్వుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయింది. శరభాంకుడు నోట్లోది ఉమ్మేసి గంప ఎత్తాడు.

"అక్కా! చిన్నప్పుడూ నా వంతు నువ్వే తిన్నావు. ఇవాళ మాత్రం కొంచెం ఆగవే తల్లీ, నీకు దండం పెడతాను!"

మేక తల దించుకుంది. నమలడం మానేసింది.

ఇక పని పరుగులు పెట్టింది. గంగాళంలో నూనె కాగింది. అల్లం, వెల్లుల్లి, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు, వేయించిన ఎండుకొబ్బరి రోట్లో పడ్డాయి. మాంసం వాసన అని జనం అనుకునేదాంట్లో ముప్పాతిక మసాలా వాసనే అని అక్కాంబ చెప్పేది. పనస ముక్కలు ఆ ముద్దలో మగ్గి ఎర్రబడ్డాయి. కంద ముక్కలు కొవ్వు ముక్కల్లా మెత్తబడ్డాయి. మధ్య మధ్య ములక్కాడలను వేలెడేసి విరిచి వేశాడు. బచ్చలి రసం పోసి కలియబెట్టాడు. తొక్కలు, ఆకులు, ముచ్చికలు ఒక్కటి కూడా మిగలకుండా బావిలో పారేశాడు. అక్కాంబ చివర వేసేది గుర్తొచ్చి చెయ్యి కిటికీ అవతలి కరివేపాకు రెమ్మ మీదికి పోయింది. పాత వంటవాడు గుర్తొచ్చి, పాముని ముట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు.

విందుశాలలో రాక్షస నాయకులు కొండల్లా బారులు తీరి కూర్చున్నారు. గోడలకు తగిలించిన గండ్రగొడ్డళ్ళు ఎండపొడకు తళతళ మెరుస్తున్నాయి. గుమ్మం పక్కన గొలుసులతో కట్టిన తోడేలంత జాగిలాలు చొంగ కారుస్తున్నాయి. వరస చివర ఎత్తైన పీఠం మీద నల్లటి ఉత్తరీయంలో ఉగ్రదత్తుడు. సన్నటి మనిషి, చెంపలు పీక్కుపోయాయి. అతని చేతిలో వెండి భరిణె ఉంది. అందులోనే ఆ బూడిద. శరభాంకుడు భరిణెను చూసి చూపు తిప్పేసుకున్నాడు.

"ఒక్క మేకకి ఇంత మాంసమా?" అన్నాడు గుహముఖుడు గంగాళంలోకి తొంగిచూసి.

"పొయ్యి మీద పొంగింది దొరా."

వాడు కనుబొమలు ముడిచాడు. "ముందు నువ్వు తిను. వంటోడు తినందే మేం ముట్టం. అది మా ఆచారం."

శరభాంకుడు తెడ్డుతో ఒక ముక్క తీశాడు. తినాలి. అదీ కంద! నోట్లో పెట్టగానే చిన్నప్పటి డోకు గొంతులోకి తన్నుకొచ్చింది. ఎదురుగా గుహలాంటి నోళ్ళన్నీ తన నోటి వైపే చూస్తున్నాయి. బతికుంటే బలుసాకైనా తిని బతకవచ్చునంటారు గానీ, బతకడానికి ముందే తినాల్సి రావడం ఎవరికీ రాకూడదు. నమిలాడు. మింగాడు. ఇంకొక ముక్క అడిగినట్టు నాలుక బయటపెట్టి పెదాలు తడుముకున్నాడు.

"ఆహా!" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రాక్షసులు వాటిని ఆనందబాష్పాలనుకున్నారు.

ఇక దొమ్మీ మొదలైంది. విస్తళ్ళ అవసరం లేదు, రాతి దొన్నెల్లో చేతులు పెట్టి కుమ్మేశారు. ఒక ముసలి రాక్షసుడు మాత్రం ముక్కను వేళ్ళ మధ్య నలిపి అనుమానంగా వాసన చూశాడు. "ఇంత మెత్తగా ఉందేంది? మాంసమేనా ఇది?"

నాయకులందరి చేతులూ దొన్నెల మీదే ఆగిపోయాయి.

వాడి పక్కవాడు నోట్లోంచి ములక్కాడ తీసి, గుజ్జు పీల్చి, చివర నమిలి పిప్పిని చూపించాడు. "ఎముకుంది కదరా మొద్దూ! ఎముకున్నది మాంసం, ఎముక లేనిది గడ్డి. మీ అయ్య నీకది కూడా నేర్పలా?"

అది వాళ్ళ శాస్త్రం. తాతముత్తాతల నాటి శాస్త్రం. ముసలి రాక్షసుడు సిగ్గుపడి, తనూ ఒక ములక్కాడ తీసి కసిగా నమిలాడు. "మూలుగ కూడా ఉంది," అన్నాడు. లంబోష్ఠి బోసినోటితో పనస ముక్కను దవడల మధ్య నలుపుతూ, ఎన్నాళ్ళకురా నమలగలిగానూ అని ఏడ్చినంత పని చేసింది.

శరభాంకుడు ఊపిరి పీల్చుకోబోయాడు. అప్పుడు అతని చూపు పీఠం మీదికి పోయింది.

ఉగ్రదత్తుడు తినడం ఆపేశాడు. అతని వేళ్ళ మధ్య ములక్కాడ ముక్క ఉంది. దాన్ని నిలువునా చీల్చి, లోపలి గింజను చూస్తున్నాడు. రాక్షసులకు తెలియదు గానీ, మనిషి కడుపున పుట్టి, మనిషి చేతి అన్నం తిని పెరిగినవాడికి ఆ గింజ తెలియకుండా ఎలా ఉంటుంది? మాంత్రికుడు మెల్లగా తలెత్తి వంటవాడి వైపు చూశాడు. అయిపోయింది. అక్కాంబ విద్యంతా ఒక్క గింజ దగ్గర అయిపోయింది.

మాంత్రికుడు గింజను నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. తరువాత దొన్నె ఖాళీ అయ్యేదాకా తల ఎత్తకుండా తిన్నాడు.

ఎందుకు? శరభాంకుడు ఆలోచించుకునే లోపే రెండో గండం వచ్చి పడింది. రాక్షసులు పిప్పిని గుమ్మం వైపు విసిరారు, ఎముకలు జాగిలాల వంతు. జాగిలాలు ఆత్రంగా ఎగిరి పట్టుకున్నాయి. పట్టుకొని వదిలేశాయి. ఒకటి వాసన చూసి తుమ్మింది. ఇంకొకటి కాలితో తోసేసి బుర్ర తిప్పుకుంది.

గుహముఖుడు లేచి నిలబడ్డాడు.

"కుక్క ముట్టని ఎముకేందిరా ఇది?"

వాడు ఒక్క పట్టులో శరభాంకుణ్ణి జుట్టుతో పైకెత్తాడు. నడుముకు చుట్టిన గుడ్డల మూట వదులై జారడం శరభాంకుడికి తెలుస్తోంది. అది గానీ ఊడిందంటే బొండయ్యా పోతాడు, యువరాజూ పోతాడు, గంప కింద అక్కా పోతుంది. మోకాళ్ళు దగ్గరకు ముడుచుకొని మూటను ఒడిసి పట్టుకున్నాడు.

"చెప్పరా! ఏ మేక ఎముకలు ఇవి?"

"వాణ్ణి దించు గుహముఖా," అంది చల్లటి గొంతు. ఉగ్రదత్తుడు పీఠం దిగి వచ్చాడు. నేల మీద పిప్పినొకదాన్ని తీసి అందరికీ చూపించాడు. "ఇది మంత్రపు మేక. నా బూడిదతో పుట్టిన మేక. దీని ఎముకలు పశువు నోటికి విషం, వీరుల ఒంటికి బలం. కుక్కకి ఆ తెలివి ఉంది. నీకు లేదా?"

రాక్షసులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరువాత ఒకడు దండ చాచి చూసుకొని, నిజమే, బలం వచ్చినట్టే ఉందన్నాడు. రెండోవాడు తనకు మొదటి ముద్దకే తెలిసిందన్నాడు. గుహముఖుడు గొణుక్కుంటూ శరభాంకుణ్ణి కింద పడేశాడు.

ఉగ్రదత్తుడు ఉత్తరీయం సర్దుకుంటున్నట్టు వంగి, అతని చెవిలో అన్నాడు: "నిజం మేకను గంపలో పెట్టుకొని నా మేడకు రా. ఎవరైనా అడిగితే పొయ్యి బూడిద అని చెప్పు."

పొద్దు వాలుతుండగా శరభాంకుడు గంప నెత్తిన పెట్టుకొని మేడమెట్లు ఎక్కాడు. గంపలో అక్క వణుకుతుంటే ఆ వణుకు అతని మెడ దాకా తెలుస్తోంది. తప్పించుకునే దారి లేదు. వెనక్కి తిరిగితే కింద గుహముఖుడు, లోపలికి పోతే పైన మాంత్రికుడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గదిలోకి రాగానే ఉగ్రదత్తుడు గబగబా తలుపు మూసి గడియ వేశాడు. గడియ రెండుసార్లు జారింది. అప్పుడు చూశాడు శరభాంకుడు, మాంత్రికుడి చేతులు కూడా గజగజ వణుకుతున్నాయి.

"మెల్లగా మాట్లాడు," అన్నాడు ఉగ్రదత్తుడు. "దొడ్డి ఖాళీ అయింది, తెలుసు కదా? రాజ్యాల్లో మందలు లేవు. దారుల్లో మనుషులు నడవడం మానేశారు. మాంసం లేని రోజున వాళ్ళు మొదట తినేది నన్నే. నువ్వు ఇవాళ వాళ్ళకు గడ్డి తినిపించావు. రేపు తినిపించగలవా? రోజూ తినిపించగలవా?"

శరభాంకుడికి భయంలోనే కోపం వచ్చింది. నడుము మూట విప్పి పారేసి నిటారుగా నిలబడ్డాడు. "నేను మణిసింధు యువరాజును. ఈమె మా అక్క. ముందు ఈమెను మనిషిని చెయ్యి. తరువాత ఏం కావాలన్నా వండుతాను. వంకాయ, దొండకాయ, నువ్వు అడిగింది వండుతాను. నీ ప్రాణం నా చేతుల్లో ఉంది, నా ప్రాణం నీ చేతుల్లో ఉంది. చెయ్యి!"

ఉగ్రదత్తుడు భరిణె వైపు చూశాడు. మూత మీద వేలు రాస్తూ నిలబడ్డాడు. కిందనుంచి రాక్షసుల నవ్వులు, ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు వినబడుతున్నాయి.

"చెయ్యలేను," అన్నాడు చివరికి. "నా గురువు నాకు మార్చే మంత్రం చెప్పాడు. వెనక్కి తెచ్చే మంత్రం మరునాడు చెబుతానన్నాడు. నేను మరునాటి దాకా ఆగలేదు. భరిణె దొంగిలించి పారిపోయి వచ్చాను. నాకు రాదు. నాకు సగమే వచ్చు."

శరభాంకుడు గోడకు ఆనుకొని కూలబడ్డాడు. తలుపు మీద దబదబమని చప్పుడు.

"ఒరేయ్ మంతరగాడా!" లంబోష్ఠి గొంతు. దాని వెనక గుహముఖుడి బరువైన ఊపిరి కూడా వినబడింది. "ఆ వంటోడు నీకాడే ఉన్నాడంట. రేపటికి కూడా ఆ మెత్తటి మాంసమే వండమని చెప్పు. మేక ఇంకోటి ఉందా? లేదంటే ఏం తినాలో మావోడు అడగమంటన్నాడు."

ఉగ్రదత్తుడు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. శరభాంకుడు ఊపిరి బిగపట్టాడు. కానీ గంపలోని మృణాళిని మాంత్రికుడి మాటలన్నీ విన్నది. ఇక ఎప్పటికీ ఈ ఒంటితోనేనా అన్న దుఃఖం గుండెల్లోంచి పొంగుకొచ్చింది. తమ్ముడు చెయ్యి చాచి నోరు మూసే లోపే అది బయటపడింది.

"మ్మే... మ్మే..."

తలుపు అవతల ముసలిదాని గొణుగుడు ఆగిపోయింది. ఆ తరువాత గుహముఖుడు తలుపుకు చెవి ఆనించిన చప్పుడు వినబడింది.

"అమ్మా," అన్నాడు వాడు నెమ్మదిగా, "మనం మద్దేనం తిన్నది ఏ మేకనే?"